రెండో వైరు

"రబ్బరు లేని కుక్కర్ ఎందుకమ్మా, అలంకారానికా?" అంటోంది తోడికోడలు, ఖాళీ మూతని ఆరోపణలా ఎత్తిచూపిస్తూ. "కిందినించి పైకెక్కిన వస్తువేదైనా మళ్లీ మెట్లు దిగిందా ఇంతవరకూ?"

"ఆ రబ్బరు మాదే అక్కా," అంది చిన్నకోడలు. "మీది సాగిపోయిందని పోయిన నెల మీరే పట్టుకెళ్లారు. నిన్న నేను తెచ్చుకున్నది మా రబ్బరే."

"ఓహో. రబ్బర్లకి కూడా అంతస్తులొచ్చాయన్నమాట!"

"పోనీలెండే," అంది అత్తగారు మెట్ల మలుపులోంచి. ఆవిడ రోజులో సగం ఆ మలుపులోనే ఉంటుంది. అక్కడ నిలబడి గొంతెత్తితే రెండు ఇళ్లకీ వినపడుతుంది. "నూరు రూపాయల రబ్బరుకి ఇంత గొంతు దేనికి? ఇంకోటి కొనుక్కుంటే పోలా?"

కొనుక్కుంటే పోతుంది. కానీ కొనేది పైవాళ్లా కిందివాళ్లా అన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నకి జవాబు దొరికిన రోజున ఈ ఇంటికి రెండు వంటగదులు అక్కర్లేదు.

చిన్నకోడలు కిందికి దిగింది రబ్బరు కోసం కాదు, మెట్ల కింద గది తాళంచెవి కోసం. అడగబోయేసరికి ఈ తగువు ఎదురొచ్చింది. నిన్న సాయంత్రం పైమేడలో జరిగినదాని ముందు కుక్కర్ రబ్బరు ఏపాటిది? అయినా జవాబు చెప్పకుండా ఉండలేకపోయింది. ఈ ఇంట్లో ఒక్కమాట వదిలేస్తే దాన్ని ఓటమి ఖాతాలో రాసేసుకుంటారు.

మామగారు పోయాక ఆయన పళ్ల ల్యాబుని కొడుకులిద్దరూ పంచుకున్నారు. కింద పళ్లు, పైన ముఖాలు. కింది భాగంలో పెద్దకొడుకు డెంటిస్టులు పంపే అచ్చుల్ని బట్టి పళ్లసెట్లు, తొడుగులు చేయిస్తాడు. పైమేడ మీద చిన్నకొడుకూ అతని భార్యా, జబ్బుతోనో ప్రమాదంలోనో చెవి, ముక్కు, చెంప పోగొట్టుకున్నవాళ్లకి సిలికాన్‌తో వాటిని చేసి ఇస్తారు. చేతిలో పట్టుకునే స్కానర్‌తో ముఖాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, పోయిన భాగాన్ని అందులో తిరిగి గీసేది చిన్నకోడలే.

నిన్న చచ్చిపోయింది ఆ కంప్యూటరే. డిస్కు లోపల గీసుకుపోయిందనీ, అందులోంచి అక్షరం కూడా బయటికి రాదనీ రిపేరు చేసేవాడు తేల్చేశాడు. అందులో ఒక స్కూలు టీచరుగారి ముఖం ఉంది. దవడలో గడ్డ. ఆపరేషన్‌కి ముందు ఆవిడ పైమేడకి వచ్చి స్కానర్ ముందు కూర్చుని, "నవ్వమంటావా, మామూలుగా ఉండమంటావా? నా నవ్వు చూస్తే మా పిల్లలు గుర్తుపట్టరు, ముందే చెబుతున్నా" అంది. మామూలుగానే ఉండమంది చిన్నకోడలు. తర్వాత డాక్టర్లు కుడి దవడా, దాని మీది చెంపా తీసేశారు. ఆస్పత్రి దగ్గర ఉన్నవి ఎముకల ఫొటోలు. ఆ చెంప ఒంపు, పెదవి చివర విరుపు ఉన్నది ఒక్క పైమేడ కంప్యూటర్‌లోనే. మళ్లీ స్కాన్ చేద్దామంటే ఆ ముఖం ఇప్పుడు లేదు.

అయినా నిన్న రాత్రి చిన్నకోడలు కాస్తో కూస్తో నిద్రపోయింది. ఎందుకంటే బ్యాకప్ ఉంది.

"తాళంచెవి దేనికి?" బావగారు ముందుగదిలోంచి వచ్చాడు. గేటు మీద బోర్డు రాసినవాడు 'మేనేజింగ్' అన్న మాటని ఉదారంగా రాసేసి, 'డైరెక్టర్'కి చోటు చాలక మూలకి నొక్కేశాడు. అప్పట్నించి పనివాళ్లంతా ఆయన్ని మేనేజింగ్ అనే పిలుచుకుంటారు. ఆయన చేసేదీ అంతవరకే.

"పైన కంప్యూటర్ పోయింది బావగారూ. కాపీ తీసుకోవాలి."

"పోయిందా?" ఆయన ముఖంలో ఒక వెలుగు. పైమేడలో ఏది పాడైనా ఆ వెలుగు వస్తుంది. "సర్లే, ఏడుపు ముఖం పెట్టకు. దీనికోసమే కదా నేను అంత మంచి మెషీను పెట్టించింది? ప్రతి ఆదివారం భోజనాల దగ్గర చెబుతూనే ఉన్నాను, అంతా పచ్చగా ఉందని. ఒక్కరైనా చెవిన పెట్టారా? పద."

తాళంచెవి ఆయన మొలకే ఉంది. అది స్నానానికి తప్ప అక్కడినుంచి కదలదు.

మెట్ల కింద గదిలో ముగ్గురు నిలబడితే నాలుగోవాళ్లు ఊపిరి బిగబట్టుకోవాలి. అలాంటిది అయిదుగురూ చేరారు. చిన్నకోడలి వెనకే ఆమె భర్త దిగి వచ్చాడు. కుక్కర్ మూత చేతిలోనే పెట్టుకుని తోడికోడలు వచ్చింది. అత్తగారు గుమ్మం పట్టుకుని నిలబడింది.

బల్ల మీద నల్లటి పెట్టె ఒకటి గుర్రుమంటోంది. ఏడాది కిందట అన్నదమ్ముల మధ్య పెద్ద గొడవయ్యాక, "మా సొరుగుల్లోకి పైవాళ్లు తొంగిచూడకూడదు" అని బావగారు పట్టుబట్టి కంప్యూటర్లకి కూడా వేరు కాపురం పెట్టించాడు. నెట్‌వర్క్ పనివాణ్ని పిలిచి కిందికొకటి, పైకొకటి చేయించాడు. సబ్‌నెట్‌లంటారు వీటిని అని ఆ పనివాడు చెబితే, ఆ మాటని వారంపాటు వచ్చినవాళ్లందరి ముందూ వాడుకున్నాడు. అయితే బ్యాకప్ మెషీను మాత్రం ఒకటే కొన్నారు. ఒక నెట్‌వర్క్‌లో వేసిన కేక రెండోదానికి వినపడదు కాబట్టి దానికి రెండు నెట్‌వర్క్ కార్డులు పెట్టి వెళ్లాడు పనివాడు. ఒక కార్డు నుంచి వైరు కిందింటి వైపు, రెండో కార్డు నుంచి వైరు పైమేడ వైపు. రోజూ ఆ మెషీను రెండు వైపులా 'ఎవరున్నారు' అని పిలుస్తుంది. పలికిన కంప్యూటర్‌లో ఉన్నదంతా కాపీ తీసి దాచుకుంటుంది. మెట్ల మలుపులో అత్తగారు చేసే పనే, కాకపోతే అరవకుండా.

బావగారు కుర్చీ లాక్కుని, వేళ్లు విరుచుకుని, తెర వెలిగించాడు. పేర్ల వరుస. ప్రతి పేరు పక్కనా ఆకుపచ్చ చుక్క.

"చూశావా? చిలక రంగు. ఒక్క మచ్చ లేదు."

చిన్నకోడలు వరుస చదివింది. ముందుగది. అచ్చుల గది. కొలిమి గది. బిల్లుల బల్ల. అలా తొమ్మిది.

"ఇవన్నీ కిందివే బావగారూ."

"పచ్చగా ఉన్నాయా, లేదా?"

"ఉన్నాయి. పైవేవి?"

ఆయన మౌసుతో వరుసని పైకి తోశాడు, కిందికి లాగాడు. ఎంత తోసినా తొమ్మిది పది కాలేదు. "పేర్లు మార్చుకుని ఉంటారు మీరు."

"కంప్యూటర్లు పెళ్లి చేసుకుని ఇంటిపేరు మార్చుకోవు కదా."

తోడికోడలికి నవ్వొచ్చింది. మొగుడు చూసేసరికి మూతిని కుక్కర్ మూత వెనక దాచుకుంది.

బావగారి మెడ మీద చెమట కనబడింది. అయినా గొంతులో జోరు తగ్గలేదు. "ఆ, గుర్తొచ్చింది. పోయిన వానల్లో అనుకుంటా, మీ పైవి మూడూ ఎర్రగా అయ్యాయి. రోజూ ఎరుపే. తెర తెరిస్తే చాలు, కళ్లకి గుచ్చుకుంటూ. ఇంత మంచి జాబితాలో ఆ మూడూ చీడపట్టినట్టు. అందుకని తీసేశాను."

"తీసేశారు."

"జాబితాలోంచే! లోపలెక్కడో ఉంటాయిగా. తీసేయమంటావా అనడిగింది, అవునన్నాను. పాత కాపీలు కూడానా అనడిగింది, అవునన్నాను. అది అడిగిన ప్రతిదానికీ అవుననకపోతే ముందుకి కదిలి చస్తుందా?"

చిన్నకోడలు తెర మీంచి చూపు తిప్పి ఆయన వైపు తిరిగింది.

"పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగిందంటే అర్థముంది బావగారూ," అంది చిన్నకోడలు. కోపం వస్తే ఆమె గొంతు పెరగదు, పలచబడుతుంది. "దానికి పాలైనా దక్కాయి. మీకేం దక్కింది? ఆదివారం కంచం ముందు చెప్పుకోడానికి ఒక మాట. ఆ మాట కోసం ఎర్రజెండా ఊపుతున్నవాణ్ని పక్కకి నెట్టి, దారి బాగుందని చెప్పారు మాకు. ఆ ఎరుపు ఉంచి ఉంటే ఎవరో ఒకరు ఎందుకని అడిగేవాళ్లు. మీరు అడగలేదు సరే, మీకు అడగడం రాదు. మమ్మల్నైనా అడగనివ్వాల్సింది."

"నోరు అదుపులో పెట్టుకో అమ్మాయ్!"

"పళ్లు రాలగొట్టుకోడానికి ఏ రాయైతేనేమన్నట్టు, మీ చేతికి ఏ మెషీనిచ్చినా ఒకటే. మామయ్యగారి కొలిమిని మూడు నెలల్లో పగలగొట్టారు. దీన్ని పగలగొట్టకుండానే చంపారు, అది కొంచెం నయం."

"పోనీలే, పోనీలే," అంది అత్తగారు గుమ్మంలోంచి.

"ఉండమ్మా! ఊరికే అంటుంటే పడటానికి నేనేమన్నా..." బావగారు కుర్చీలోంచి లేచాడు. లేచాక ఎటు వెళ్లాలో చోటు లేక మళ్లీ కూర్చున్నాడు. "ఇంత మాట్లాడుతున్నావే, ఏడాదిలో ఒక్కసారి ఈ గదిలోకి వచ్చి చూశావా? తాళంచెవి అడిగావా? మేనేజింగ్‌ని అడగడం నామోషీ కదూ నీకు? నాకు తెలీదనుకున్నావా ఆ పేరు?"

ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. ఆమె నిజంగానే అడగలేదు. ఆయన్ని ఒక మాట అడిగే బదులు మెట్లన్నీ మోకాళ్ల మీద ఎక్కినా ఎక్కేది.

"సరే, చూడలేదు. ఇప్పుడు చూస్తాను," అని ఆమె నేలమీద కూర్చుని బల్ల కిందికి వంగింది. ఎర్రగా ఎందుకయ్యాయో తెలియాలి. ఎలక కొరికిందా, పనివాడే సరిగ్గా పెట్టలేదా, ఏదైనా సరే, ఆ కారణం కూడా బావగారి మెడకే చుట్టుకుంటుందని ఆమెకి గట్టి నమ్మకం. ఆ నమ్మకంలో ఒక రకమైన హాయి కూడా ఉంది.

పెట్టె వెనక రెండు రంధ్రాలు. ఒకదాంట్లో వైరు ఉంది, పక్కనే చిన్న దీపం మిణుకుమంటోంది. రెండోదాంట్లో దుమ్ము.

రెండో వైరు ఎక్కడికీ పోలేదు. గోడవార, మేకుకి వేలాడుతోంది. దాన్ని లాగి తెంపలేదెవరూ. అరచేయంత చుట్టగా చుట్టి, మధ్యలో పళ్ల క్లిప్పులకి వాడే సన్నటి స్టీలు తీగతో కట్టి పెట్టారు. ఆ తీగకి మూడు మెలికలు. కొస ఎవరికీ గుచ్చుకోకుండా లోపలికి వంచి ఉంది.

ఈ ప్రపంచంలో వైర్లని అలా చుట్టే మనిషి ఒక్కడే. వాళ్ల పడగ్గదిలో ఇస్త్రీపెట్టె వైరు అలాగే ఉంటుంది. ఫోను చార్జర్ అలాగే ఉంటుంది. పెళ్లయిన కొత్తలో ఆ వంచిన కొసని చూసి, ఎంత పద్ధతైన మనిషి అని మురిసిపోయింది ఆమె.

బల్ల కింద వంగినట్టే ఉండిపోయింది. తలెత్తితే ఎవరి ముఖం చూడాలో తెలియలేదు.

"దొరికిందా?" అన్నాడు బావగారు. "ఏముందక్కడ? ఎలక పళ్లా, నా పళ్లా?"

ఆమె ఆ చుట్టని మేకు నుంచి తీసి, లేచి నిలబడి, భర్త చేతిలో పెట్టింది.

అతను దాన్ని చూశాడు. చూసి, అలవాటు కొద్దీ, వదులైన ఒక మెలికని బిగించాడు. అంతకన్నా పెద్ద ఒప్పుకోలు అక్కర్లేదు.

ముందు అర్థమైంది తోడికోడలికి. "అయ్యో రామా," అని కుక్కర్ మూత కింద పెట్టేసింది. తర్వాత బావగారికి అర్థమైంది. ఆయన నవ్విన నవ్వులో సొంతంగా చేయించుకున్న పళ్లన్నీ కనబడ్డాయి.

"ఫ్యూజు చూడాలి తాళంచెవి ఇయ్యి అన్నయ్యా అని అడిగితే ఇచ్చాను! పోయిన వానల్లోనే! ఇదా నువ్వు చూసిన ఫ్యూజు? ఏమ్మా, నన్ను పిల్లి అన్నావు కదా. ఇప్పుడు చెప్పు, మీ ఆయన్నేమంటావు?"

"ఎందుకు తీశారు?" అని భర్తనే అడిగింది ఆమె.

"మన డిజైన్లన్నీ వీళ్ల గదిలో, వీళ్ల తాళం కింద ఎందుకుండాలి?" అతను ఆమెకి చెప్పినా గోడకి చెప్పినట్టుంది. "ఆ చెవి డిజైను గుర్తుందిగా? మనం చేసింది డాక్టరు దగ్గర అన్నయ్య తనే చేయించానని చెప్పుకున్నాడు. కాపీలు తెరిచి చూస్తున్నాడేమో అనిపించింది. అందుకే తీసేశా. మనకి వేరే డిస్కు ఒకటి కొని అందులో పెడదామనుకున్నా."

"కొన్నారా?"

"కొందామనే అనుకున్నా."

"అనుకున్నారు."

"నీకు చెబుదామని కూడా అనుకున్నా."

"మీరు ఇంకేమేం అనుకున్నారో అవి కూడా ఆ తీగతో కట్టి పెట్టండి," అంది ఆమె. "ఆయన దొంగతనం చేస్తాడని మీ భయం. దొంగతనానికి తెలివి కావాలండీ. ఆయన్ని అంత పెద్దవాణ్ని చేసింది మీరొక్కరే."

"ఇదిగో!" అన్నాడు బావగారు, తన మీద పడింది పొగడ్తో తిట్టో తేల్చుకోలేక.

"టీచరుగారు స్కానర్ ముందు కూర్చున్నది వానలు వెలిశాక. అప్పటికే మీ వైరు మేకుకి వేలాడుతోంది. ఆవిడ నా ముందు కూర్చుని, నా నవ్వు పిల్లలు గుర్తుపట్టరని జోకేస్తుంటే మీరు నా వెనకే నిలబడి లైటు పట్టుకున్నారు. లైటు పట్టుకుని ఏమీ అనుకోలేదా మీరు?"

అతను చుట్టని ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు.

ఆ రోజు ఆదివారం. ఆదివారం మధ్యాహ్నం అందరూ కిందే, ఒకే బల్ల మీద తినాలని అత్తగారి శాసనం. ఇల్లు తగలబడుతున్నా ఆ శాసనానికి మినహాయింపు లేదు. అందుకని తిన్నారు. తింటున్నారన్న మాటే గాని కంచాల్లో వేళ్లే తిరుగుతున్నాయి.

బావగారే మొదలుపెట్టాడు. గొంతు మార్చాడు. పెద్ద డాక్టర్లతో మాట్లాడేటప్పుడు పెట్టుకునే గొంతు అది. "జరిగిందేదో జరిగింది. ఇంటి గుట్టు రచ్చకెక్కకూడదు. ఆ టీచరుకి డిస్కు పోయిందని చెప్పు. డిస్కులు పోతుంటాయి, లోకంలో ఎవరివి పోవట్లేదు? అందులో అబద్ధమేముంది? పోయిన మాట నిజమేగా."

చిన్నకోడలు భర్త వైపు చూసింది. అతను కంచంలోకి చూస్తూ నెమ్మదిగా తలూపాడు.

"అన్నయ్య చెప్పింది కరెక్టే. మిగతాదంతా ఆవిడకెందుకు? ఆవిడకి అర్థం కూడా కాదు."

ఏడాదిగా ఈ అన్నదమ్ములు ఒకరన్న మాట ఒకరు ఒప్పుకోలేదు. గేటుకి వెయ్యాల్సిన రంగు దగ్గర్నించి చెత్తబుట్ట పెట్టాల్సిన చోటు దాకా కలవలేదు. కలవకుండా ఉండటానికి గోడలు కట్టారు, నెట్‌వర్కులు విడదీశారు, వైర్లు పీకారు. తీరా ఇవాళ కలిశారు. సగం ముఖంతో ఇంట్లో కూర్చుని వీళ్ల ఫోను కోసం ఎదురుచూస్తున్న మనిషికి ఏం చెప్పకూడదన్న దగ్గర కలిశారు. పెద్దవాడు చిన్నవాడి వైపు నీళ్లగ్లాసు జరిపాడు. చిన్నవాడు అందుకున్నాడు.

తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఈ ఇంట్లో అదొక్కటే గొడవ లేకుండా పంచుకోగలరని ఆమెకి ఆ గ్లాసు చూశాక తెలిసింది.

"రేపు పొద్దున టీచరుగారింటికి వెళ్తున్నాను," అంది. వడ్డించమన్నంత మామూలుగా అంది. "డిస్కు పోయిందని చెబుతాను. కాపీ ఎందుకు లేదో కూడా చెబుతాను. ఒకరు వైరు పీకారనీ, ఒకరు ఎరుపు చెరిపేశారనీ, ఏడాదిపాటు తాళంచెవి అడగడానికి నాకు నామోషీ అయిందనీ. ఆవిడ లెక్కలు చెప్పే మనిషి, ఈ మాత్రం అర్థమవుతుంది."

"నీకేమైనా పిచ్చా?" అన్నాడు బావగారు.

"ఇంకొకరి దగ్గర చేయించుకుంటానంటే నేనే తీసుకెళ్తాను. కాదు నువ్వే చెయ్యమంటే, ఆవిడ పాత ఫొటోలు ముందు పెట్టుకుని మైనంతో చేత్తోనే చేస్తాను. అచ్చంగా రాదు. రాదని ఆవిడకి ముందే చెబుతాను. కానీ అది ఈ ఇంట్లో చెయ్యను. పైనా చెయ్యను, కిందా చెయ్యను. బయట ఒక గది అద్దెకి చూసుకుంటున్నాను. ఇక నా పని అక్కడే, నేనుండేదీ అక్కడే."

తోడికోడలి చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

"మరి నేను?" అన్నాడు భర్త.

"మీరు పైనుంటారో, కిందుంటారో మీ అన్నదమ్ములిద్దరూ తేల్చుకోండి. ఇవాళ బాగానే కలిశారుగా."

అన్నదమ్ములిద్దరూ తల్లి వైపు తిరిగారు. ఆవిడ ఏదో ఒకటి అని సర్దేస్తుందని వాళ్ల ధీమా. ఎప్పుడూ సర్దేది ఆవిడే.

అత్తగారు ఇద్దరి ముఖాలనీ వరసగా చూసింది. కంచం పక్కకి జరిపింది. చెయ్యి కడుక్కుని, పైటకొంగుతో తుడుచుకుని, కోడలి పక్కకి వచ్చి నిలబడింది.

"చూసేదేదో రెండు మంచాలు పట్టే గది చూడమ్మా," అంది. "నేనూ వస్తున్నాను."